అన్న కొట్టిన రేకు

తెల్లవారుజామున భీమిలి మీద తుప్పుమేత జల్లు ఎప్పటిలాగే కురిసి వెళ్లింది. మేడల కిటికీ ఊచలు, రేవులో పడవల గొలుసులు, పిల్లల సైకిళ్లు కొత్తగా మెరుస్తున్నాయి. ఆ జల్లులో కంటికి కనిపించని జీవాణువులున్నాయనీ, అవి ఇనుముకు పట్టిన తుప్పును తిని బతుకుతాయనీ ఇప్పుడెవరూ తలుచుకోవడం లేదు. సముద్రపు గాలికి ఏటేటా గేట్లు గీకి రంగులేసుకున్న రోజులు పోయాయి. తుప్పంటే ఏమిటో బడిపిల్లలకు బొమ్మ గీసి చెప్పాల్సి వస్తోంది.

ఆ ఊళ్లో తుప్పును కంటికి రెప్పలా కాపాడుతున్న మనిషి ఒక్క సత్యవేణి. పాత యంత్రాలను బాగుచేయడం ఆమె పని. ఆ ఉదయం ఆమె తన నిర్జీవశాలలోకి, అంటే జీవాణువులు చొరబడకుండా నలువైపులా మూసిన షెడ్డులోకి అడుగుపెట్టి, రేసుకారు ఎడమ తలుపు చూసి నెత్తి కొట్టుకుంది. నిన్న లేని చిల్లు, రూపాయి బిళ్లంత, ఇవాళ ఉంది. గోడమీద ఒక బల్లి ఏమీ ఎరగనట్టు చూస్తోంది. తుప్పుమేత దాని కాళ్లకు అంటుకుని లోపలికొచ్చింది.

"ఇంక నా వల్ల కాదు" అని పైకే అంది. ఆ మాట ఆమె వారానికోసారైనా అంటూనే ఉంది.

కారు జోగారావుది. ఎనభై దాటిన ఆయన, కుర్రతనంలో అన్న పైడిరాజుతో కలిసి తయారుచేసుకున్న బండి. అన్న రేకు కొట్టేవాడు, తమ్ముడు పందేల్లో నడిపేవాడు. అన్న పోయిన తరవాత ఒక తుపానుకి అది షెడ్డుతో సహా ఇసుకదిబ్బ కింద పూడిపోయింది. కిందటేడు రోడ్డు కోసం దిబ్బ తవ్వితే బయటపడింది. నూనెలో నానిన ఇంజను బతికింది గానీ ఒళ్లంతా తుప్పే. ఆ తుప్పునే జిగురు పట్టించి గట్టిపరిచి నిలబెట్టాలి. పైన రంగు వేసినా లాభం లేదు. ఓడల రంగు కింద దాక్కున్న తుప్పును సైతం వెతికి తినేలాగే తుప్పుమేతను తయారుచేశారు. అది మనుషుల చర్మంలోనూ కాపురం పెట్టింది, ఎంత రుద్ది కడిగినా పోదు.

"రూపముద్రిక యంత్రానికి చూపిస్తే గంటలో అచ్చం ఇలాంటి రేకే పోసి ఇస్తుంది తాతగారూ" అని మొదట్లోనే చెప్పిందామె.

"అచ్చం ఇలాటిదొస్తాది గానీ, మా అన్న కొట్టింది రాదు గదమ్మా" అన్నాడు జోగారావు.

ఆయనకు చూపు పోయి చాలాకాలమైంది. అయినా రోజూ వచ్చి గాజు తలుపు అవతల స్టూలు మీద కూర్చునేవాడు.

"ఒక్కపాలి ముట్టుకోనీ తల్లీ."

"చేతొడుగులు వేసుకుని రండి, ముట్టుకుందురుగాని."

"ఆటితో ముట్టుకుంటే నాకేటి తెలుస్తాది? గేదైనా ఒకటే, కారైనా ఒకటే."

"వట్టి చేత్తో ముట్టుకుంటే తెల్లారేసరికి చిల్లు పడుతుంది! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

ఆయన తల దించుకునేవాడు. పెద్దాయన మీద అరిచినందుకు ఆమెకు సిగ్గేసేది. ఆ సిగ్గుతో చిరాకు ఇంకా పెరిగేది.

దసరాకి బండి నడిపించి చూపిస్తానని ఆమె మాటిచ్చింది. పండగ దగ్గరపడే కొద్దీ ఇంజను మొండికేసింది. ఒకనాడు దగ్గి ఆగిపోయేది, ఒకనాడు దగ్గేది కూడా కాదు. ఆయుధపూజ రోజు పొద్దున జోగారావుకు చేతొడుగులు తొడిగి సీట్లో కూర్చోబెట్టి, విసుగ్గా మరోసారి హ్యాండిలు తిప్పింది. ఇంజను ఒక్కసారిగా అందుకుంది. షెడ్డంతా దద్దరిల్లింది. ఆయన స్టీరింగు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. సత్యవేణికి కూడా కళ్లు నిండాయి. గుడి ముందు చెప్పులు విడిచినట్టుగా చేతొడుగులు విడిచి, బానెట్టును తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుంది.

మర్నాడు పొద్దున బానెట్టులోంచి ఇంజను కనిపిస్తోంది. సత్యవేణి ముందు బల్లి కోసం గోడలన్నీ వెతికింది. తరవాత ఆ చిల్లు దగ్గర తన చెయ్యి పెట్టి చూసుకుంది. ఐదు వేళ్లూ సరిపోయాయి.

"ఎలాగుందమ్మా బండి?" గాజు తలుపు అవతలి నుంచి జోగారావు గొంతు.

బాగుందంటే ఆయనకు తెలిసే దారి లేదు. ఏడాదిగా ఆయన మీద అరిచిన నోటికి ఆ అబద్ధం రాలేదు.

"నేనే పాడుచేశాను తాతగారూ. నిన్న వట్టి చేత్తో దండం పెట్టుకున్నాను. బానెట్టుకు చిల్లు పడింది. తిట్టండి నన్ను."

ఆయన స్టూలు మీంచి లేచి గాజు తలుపుకు దగ్గరగా వచ్చాడు.

"మరైతే నానూ ముట్టుకోవచ్చా?" అన్నాడు భయంభయంగా.

వద్దనడానికి నోరు తెరిచింది. ఏడాది కష్టం ఎదురుగా నిలబడి ఉంది. ఆమెకు తన మీద, తుప్పుమేత మీద, దాన్ని కనిపెట్టిన వాళ్ల మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే వెళ్లి గాజు తలుపు తీసింది. ఆయన అప్పటికే తొడుక్కుని వచ్చిన చేతొడుగులు లాగేసి, రెండు చేతులూ తీసుకెళ్లి రేకు మీద పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ సుత్తి జారింది. నాను నవ్వానని ఆ రోజల్లా నాతో మాటాడనేదు మా అన్న" అన్నాడు జోగారావు.

ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి వెనకదాకా, ఒక్క అంగుళం వదలకుండా తడుముతూ వెళ్లాడు. సత్యవేణి ఆపలేదు.