దొంగను ఎవరు మన్నించాలి

కుంపిణీవారి కాలంలో, కారమడై దగ్గరి పల్లెలో, వీధినాటకం తెల్లవారేసరికి ముగిసింది. ముసలామె ఎద్దులు తోలుకుపోయిన దొంగ అమ్మవారి కాళ్ల మీద పడ్డాడు. అమ్మవారు మన్నించింది. జనం దండం పెట్టుకుని లేచారు.

దొంగ వేషం వేసిన సేతురామ బావి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. మేనమామ కూతురు చెల్లమ్మాళ్ కుండతో వచ్చింది.

"మా కూత్తాట ఎట్ల ఉండె?"

"ఎద్దులు పోయింది ఆ ముసలామెవి గదా బావా. అమ్మవారు ఎట్ల మన్నిస్తుంది?"

"కాళ్ల మీద పడితిని గదా."

"పడేది సులువు. మా నాయన కాళ్ల మీదా పడితివి."

అతని చేయి ఆగింది. ఎండకాలంలో చెల్లమ్మాళ్ వంతు నీళ్లను అతను తన చేనికి మళ్లించాడు. ఆమె మిరప ఎండిపోయింది. పంచాయతీలో అతను మామ కాళ్ల మీద పడ్డాడు, మామ లేపాడు. ఇప్పుడు రెండిళ్లవాళ్లూ పెళ్లిమాట ఎత్తారు. ఆమె ఔననలేదు, కాదనలేదు.

"నారు పోసింది నేను. నన్ను ఎవురు అడిగిరి?"

"ఇప్పుడు అడిగేదా?"

"ముఖాన సగం మసి ఉండాది. అడిగేది దొంగో, బావో నాకెట్ల తెలిసేది?"

మంచు కొండ దిగి చేల మీదికి వచ్చింది. ఆమె అందులో కలిసిపోయేదాకా అతను చూశాడు.

వానలు మొదలయ్యే ఆడి నెలలో మళ్లీ ఆట కట్టారు. ఈసారి చివర్న సేతురామ అమ్మవారి కోసం ఆగలేదు. ముసలామె ఎదుట నిలబడ్డాడు. కాళ్ల మీద పడలేదు.

"నీ సొత్తు తీసుకుంటిని. నీ కోపం నీకు ఉండనీ. నేనేమి చేయవలె, నువ్వే చెప్పు."

ముసలామె వేషం వేసిన అయ్యసామికి ఆటలో ఇక్కడ చెప్పే మాట లేదు. అతను మద్దెల వైపు చూశాడు. మద్దెల ఆగింది. తుంపర మొదలైంది. ఎవరూ లేవలేదు.

"అమ్మవారిని పిలవండప్పా," అన్నాడు ఒక పెద్దాయన.

ఆడవాళ్ల వరసలో చెల్లమ్మాళ్ లేచింది.

"ఆమె ఏల? నేను ఉండాను గదా."

సేతురామ ఆమెనే చూస్తున్నాడు.

"కోపం ఇంకా ఉండాది బావా. మళ్లీ మిరప నాటుతాను. నువ్వు నీళ్లు కట్టవలె. నేను గట్టున కూర్చుని చూస్తాను. కాయ ఎర్రబడినంక అడుగు, చెబుతాను."

"అయితే నా ఎద్దులు?" అన్నాడు అయ్యసామి, కొంగు సర్దుకుంటూ.

జనం నవ్వారు. చెల్లమ్మాళ్ కూడా నవ్వింది.

ముందు వరసలో ఆమె తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"ఈ నెల నాటితే సంక్రాంతికి, తై నెలకు ఎర్రబడుతుంది," అన్నాడు. "తైలో ముహూర్తాలు ఉండాయి."