చెరువు మగోడైన రోజు

"ఐదింటికి పోలింగ్ బంద్. అంతలోపట దొంగ ఓట్లు ఏరాలె, వినోదా," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ రాజేశ్వర్ రావు.

ఏజెంట్ వినోద వాచీ చూసుకుంది. మూడున్నర. వరంగల్ యువత అభిప్రాయం కోసం పెట్టిన 'మన మాట' యాప్‌లో ఒకే ప్రశ్న: ధర్మసాగర్ రిజర్వాయర్ గట్టును విదేశీ కంపెనీకి లీజుకివ్వాలా, వద్దా? ఇస్తే ఊరి తాగునీళ్లు వాళ్ల గుప్పిట్లోకి పోయినట్టే. ఆ కంపెనీ తాలూకు ముఠా నలభై వేల ఫేక్ అకౌంట్లతో 'ఇవ్వాలి' అని గుద్దేస్తోంది. ప్రతి ఓటుకూ ఒక వాక్యం కారణం రాయాలన్నది రూలు. దొంగ ఓట్ల కారణాలూ అచ్చం ఇక్కడి యాసలోనే ఉన్నాయి.

పెళ్లి బట్టలు కొనే ఆడబిడ్డ వేషంలో వినోద హన్మకొండలోని చీరల దుకాణానికి వెళ్లింది. జెస్సికా ముందే వచ్చి కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ముఠాకి యాస నేర్పే కొలువు. డబుల్ ఏజెంట్. సొంతూరు ధర్మసాగర్. కోడ్ వర్డ్ కలిసింది.

"అక్కా, వాళ్లకు తప్పు నేర్పిన. ప్రతి ఓటుల 'చెరువు ఎండిపోతాండు' అని రాయమన్న. మనోళ్లెవరన్న అట్లంటరా?"

వినోదకు నవ్వాగలేదు. మగోడైతే 'పోతాండు', చెరువైతే 'పోతాంది'. ఈ తేడా ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"జర జల్ది చెయ్యక్కా. వారం నుంచి మా చెల్లె శిరీష ఎండల ఇల్లిల్లు తిరుగుతాంది, ఓట్లేయమని."

జెస్సికా ఇచ్చిన లిప్‌స్టిక్ మూత తీస్తే పెన్‌డ్రైవ్, అందులో ఆమె ముఠాకు నేర్పిన వాక్యాలన్నీ. వినోద ట్రయల్ రూమ్‌లో ల్యాప్‌టాప్ తెరిచి, మగ చెరువులున్న ఓట్లన్నీ పట్టే ఫిల్టర్ పెట్టింది. నాలుగు యాభై తొమ్మిదికి నలభై వేలూ ఎగిరిపోయాయి. మిగిలినవి మూడు వందల పన్నెండు. అన్నీ 'వద్దు'. అన్నీ శిరీష వేయించినవే.

చీఫ్‌కి ఫోన్ చేసింది. ఆయన అభినందించి, ఐదు వేల ఓట్లు పడకపోతే పోలింగ్ చెల్లదన్నాడు. అప్పుడిక నిర్ణయం రిజర్వాయర్ కమిటీదట. కమిటీ లీజు మీద పోయిన నెలలోనే సంతకాలు పెట్టిందట.

"మరి పిల్లల్ని అడుగుడెందుకు సార్?"

"అడిగినమని చెప్పుకోవాలె గదమ్మా."

వినోదకు ఒళ్లు మండిపోయింది. పక్కన జెస్సికా కళ్లద్దాలు తీసి, చెల్లెలి నంబరు తీసి, నొక్కకుండానే ఫోన్ సంచిలో పెట్టేసింది.

విదేశీ కుట్ర భగ్నమైందని వినోద రిపోర్టు రాసింది. స్వదేశీ కుట్ర రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.