సాయంత్రం జారే చేతులు

దుర్గాభవాని రెండో గేదెను పితుకుతోంది. కొల్లేటి మీంచి వచ్చే గాలికి పాక చల్లగా ఉంది. వేళ్ళు చెప్పినట్టు వింటున్నాయి. ఆ సంగతి పాక దగ్గర నిలబడ్డ అత్తగారు జ్ఞానప్రసూనాంబ కూడా చూస్తోంది.

గొడవంతా అక్కడే. పొద్దున ఇంత చక్కగా పితికే కోడలు సాయంత్రానికి సగంలోనే చేతులు వదిలేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. పని తప్పించుకునే వేషాలని ప్రసూనాంబ వీధిలో అందరితో అనేసింది. ఏలూరు డాక్టరుగారు అది కండరాల జబ్బని తేల్చినా నమ్మలేదు. రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి తీయించుకోవడానికి భవాని ఈ పూటే బెజవాడ వెళ్ళి ఆసుపత్రిలో చేరాలి.

"ఇలా పితికే మనిషికి ఆపరేషనేంటి? ఒంట్లోది తీసేస్తే రేపు జ్వరమొస్తే తట్టుకుంటావా?" అంది ప్రసూనాంబ.

ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది భవానికి. పాలసర్వ పక్కన పెట్టి, డాక్టరుగారు చెప్పింది నెమ్మదిగా చెప్పుకొచ్చింది. రోగాలతో పోరాడే కణాలు కొన్ని ఎముకల మూలుగలో పుట్టి, పెరగడానికి ఆ గ్రంథిలోకి వస్తాయట. మన ఒంటిని గుర్తుపట్టలేనివి అక్కడే చచ్చిపోతాయట. మన ఒంటి మీదికే ఎగబడేవాటినీ చాలావరకు ఆ గ్రంథే ఏరేస్తుందట. నెగ్గి బయటికొచ్చేవి కొన్నేనట. ఈ వయసుకి అవి ఒళ్ళంతా తిరుగుతూ కాపలా కాస్తుంటాయి కాబట్టి గ్రంథి తీసినా పెద్ద భయం లేదట.

"మరి నీకేమైంది?"

"నాకు ఆ ఏరడంలో తేడా వచ్చిందండీ. నరం నుంచి కండకి కబురందే చోటునే నా ఒళ్ళు పరాయిదనుకుని కొడుతోంది. పనిచేసేకొద్దీ బలం తగ్గిపోతుంది. అందుకే పొద్దున బాగుంటాను." భవాని కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ తేడాకి మూలం ఆ గ్రంథేనట, అందుకే తీసేస్తారు. ఆపరేషనయ్యాక కూడా వెంటనే తగ్గదట, మెల్లగా కుదుటపడుతుందట. దానికి ఓర్చుకుంటాను. చేతులు జారిపోవడం కంటే మీరు నమ్మకపోవడమే కష్టంగా ఉందండీ, అత్తయ్యగారూ."

ప్రసూనాంబ పెరటి గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి నాగవల్లిని పిలిచింది.

"మా కోడలికి నిజంగానే ఒంట్లో బాగోలేదమ్మా. వేషాలని నోరు జారాను. సాయంత్రం గేదెల్ని నువ్వు కాస్త చూడాలి."

గోడవతల నుంచి నాగవల్లి సరేనంది. కన్నీళ్ళతో భవాని కళ్ళు మసకబారాయి.

భర్త ప్రదీప్ వీధిలో కారు తీసి, తోడెవరొస్తారని లోపలికి కేకేశాడు. ప్రసూనాంబ గదిలోకి వెళ్ళి, రెండు చీరలు కుక్కిన సంచీతో బయటికొచ్చింది. కోడలి చేతిలో బ్యాగు కూడా అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం దిగి కారు వైపు నడిచింది.