ఎర్రబడ్డ వెండి నాణేలు

తలుపు తట్టకుండానే డిటెక్టివ్ గదిలోకి వచ్చేసింది ఆవిడ. గడియారాలు బాగుచేసే ఆయన భార్య. మామగారు దాచిన పన్నెండు పాత వెండి నాణేలు పోయాయనీ, పెట్టెలో వాటి బదులు రాగివి ఉన్నాయనీ, ఆ నింద తన తమ్ముడి మీద పడిందనీ గడగడా చెప్పింది. ఉద్యోగం పోయి మూడు నెలలుగా అతను వాళ్ల మేడమీదే ఉంటున్నాడు.

"సాయంత్రానికి పోలీసుల్ని పిలుస్తారటండీ మావారు. వాడేమో నేను తియ్యలేదని ఒక్కమాట అనేసి ఊరుకున్నాడు."

డిటెక్టివ్ ఒకప్పుడు బడిలో సైన్సు చెప్పేవారు. ఇప్పటికీ అందరికీ మాస్టారే. ఆయన చెప్పులు వేసుకునేలోపే, ఆయన దగ్గర చదువుకుని ఆయనకే సహాయకురాలైన అమ్మాయి భూతద్దం సంచిలో వేసేసింది.

వాళ్లింట్లో గడియారాలాయన ముభావంగా పెట్టె తెరిచాడు. ఒక అరలో తండ్రి దాచిన రాగి నాణేలు, రెండో అరలో ఆ పన్నెండూ. అన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. మాస్టారు పన్నెండింటినీ తూచి, తండ్రి రాసిపెట్టిన బరువులతో సరిచూశారు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఈ సంగతి ఇంకెవరికి తెలుసని అడిగారు. తమ ముగ్గురికేననీ, అమ్మకు గుండె జబ్బు కాబట్టి ఆవిడకు చెప్పలేదనీ ఆయన అన్నాడు.

ఆ అమ్మ వంటగది గుమ్మంలో బఠానీలు ఒలుస్తోంది. సహాయకురాలు వెళ్లి ఆవిడ పక్కన నిలబడితే, "నువ్వేనా, కోడలా?" అంది. చెత్తబుట్ట నిండా పిండేసిన నిమ్మచెక్కలు. గట్టు మీద గిన్నెలో లేత నీలం నీళ్లు, అందులో అంట్లు తోమే ఇనప పీచు, ఎర్రబడి. సహాయకురాలు అది తుప్పనుకుంది. మాస్టారు పీచును వెలుగులో తిప్పి చూశారు.

"తుప్పయితే రాలాలి. ఇది మెరుస్తోంది," అన్నారు.

అందరినీ హాల్లోకి పిలిచారు. తమ్ముడు సూట్‌కేసు సర్దుకునే దిగాడు.

"దొంగతనమే జరగలేదు. రాగి వెండికన్నా తేలిక. ఇవి రాగివైతే ఈ సైజులో ఇంత బరువు తూగవు," అని మాస్టారు పెద్దావిడ వైపు తిరిగారు. "అమ్మా, నాణేలు కడిగింది మీరేనా?"

"అప్పుడే తెలిసిపోయిందా? కొట్టు పెట్టి ముప్పై ఏళ్లవుతోందిగా, వీడికి తళతళలాడించి ఇద్దామనుకున్నా. నిమ్మరసం, ఉప్పు వేసి పీచుతో తోమాను. నలుపు పోయిందా బాబూ? నాకు సరిగ్గా కనపడి చావదు."

ముందు రాగి నాణేలు నానేసిందట. ఆ పులుపులోకి రాగి కొంత కరిగింది. అందులోనే వెండివి వేసి ఇనప పీచు తగిలించేసరికి, కరిగిన రాగి వచ్చి వెండి మీద పొరలా కూర్చుంది. మాస్టారు తడిగుడ్డ మీద వంటసోడా అద్ది, ఒక నాణెం అంచును మెల్లగా రుద్దారు. ఎరుపు కింద తెల్లటి వెండి బయటపడింది. గట్టిగా తోమితే బొమ్మ అరిగిపోతుందనీ, మిగతావి తనకొదిలెయ్యమనీ అన్నారు.

గడియారాలాయన లేచి బావమరిది చేతిలోంచి సూట్‌కేసు లాక్కున్నాడు.

"తప్పు నాదిరా. పద పైకి."

"బరువుంది బావా, నేను తెస్తాలే."

ఆయన వినిపించుకోకుండా మెట్లెక్కేశాడు. ఆ చప్పుడుకి పెద్దావిడ తల తిప్పి, మీ తమ్ముడు ఎక్కడికి ప్రయాణమని అడిగింది.

"ఎక్కడికీ లేదత్తయ్యా," అంది కోడలు, కళ్లు తుడుచుకుంటూ.