రత్నం చెప్పని జవాబు

పొద్దున ఆరు గంటలకే బడిపంతులు మోషే అయ్యవారి ఇంట్లో ఇంగ్లీషు మొదలయ్యేది. పంతొమ్మిది వందల యాభైతొమ్మిది, జూన్ నెల. ఆయన కూతురు జీవరత్నానికి మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకు రమ్మని కర్నూలు నుంచి కార్డు వచ్చింది. ఆళ్లగడ్డలో వాళ్ల వీధి వీధంతా ఆ కార్డును చేత్తో పట్టుకుని చూసి పోయింది. అయ్యవారు మాత్రం ఆ రోజే కొత్త నోటుబుక్కు కొని, కమిటీవాళ్లు అడగగల ప్రశ్నలు నలభై ఊహించి, ఒక్కోదాని కింద జవాబు తానే రాశాడు. రత్నం పని వాటిని బట్టీపట్టి అప్పజెప్పడం.

"డాక్టరు చదువు ఎందుకు చదవాలనుకుంటున్నావు?" అని ఇంగ్లీషులో అడిగాడు అయ్యవారు.

"పేదలకు సేవ చేయడానికి సార్," అని రత్నం కూడా ఇంగ్లీషులోనే, నేల చూస్తూ చెప్పింది.

"యాడ జూస్తాండావ్? తలెత్తు. ఆడ అయిదుగురు కూర్చోనుంటారు. అయిదుగురినీ చూసి చెప్పల్ల. మళ్లీ చెప్పు."

రత్నం మళ్లీ చెప్పింది. మూడోసారి చెబుతుండగా వాకిట్లో ఎద్దులబండి ఆగింది. అయ్యవారి భార్య సువార్తమ్మ దిగింది. ముందురోజు మధ్యాహ్నం శిరివెళ్లనుంచి బండి కట్టుకొని వచ్చి తీసుకుపోయారు ఆమెను. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరికి నొప్పులొచ్చినా ఆమెకోసమే వస్తారు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మంత్రసాని పని అది, పాతికేళ్లుగా చేస్తోంది.

తొట్టి దగ్గర మోచేతులదాకా కడుక్కుంటూనే, "బిడ్డ కాళ్లతో వచ్చినాది పాపా," అంది కూతురితో. "నువ్వుంటే బాగుండు."

రత్నం మొహం వెలిగింది. నోటుబుక్కు వదిలి లేచింది. "లాగినావా మా?"

"లాగేదేంది! లాగితే చేతులు పైకి పోయి తల ఇరుక్కుంటాది. వేడినీళ్ల గుడ్డ సుట్టి, నడుము దాటి దానంతటది దిగేదాకా నేను చెయ్యే పెట్టలా. వాళ్లత్త పక్కనుండి లాగు లాగు అని ఒకటే అరుపు. గమ్మునుండమ్మా అంటి."

"ఏడ్చినాడా?"

"కాసేపటికి. వీపు రుద్దినాంక."

"సాలు," అన్నాడు అయ్యవారు. "పొద్దున్నే ఏం మాటలివి? ఇంటర్వ్యూ ఇంక పదైదు దినాలు లేదు. దాన్ని చదువుకోనీ."

సువార్తమ్మ చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. పదో తరగతినుంచి సెలవులు వచ్చినప్పుడల్లా రత్నం తల్లి వెంట పోయేది. వేడినీళ్లు కాచి, దారం, కత్తెర మరగబెట్టి అందించేది. ఇంటర్వ్యూ కార్డు వచ్చిన రోజునుంచి అయ్యవారు దాన్ని మాన్పించాడు.

అసలు మాట ఆయన ఆ సాయంత్రం చెప్పాడు. సువార్తమ్మ చేదబావికి పోయినప్పుడు చూసి, కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"మీ అమ్మ ఏం చేస్తాదని అడిగితే?"

"కాన్పులు చేస్తాదని చెప్తా."

"వద్దు. ఇంట్లోనే ఉంటాదని చెప్పు."

రత్నం అర్థంకానట్టు చూసింది. "అబద్ధం గదా నాయనా."

"అబద్ధమేంది? వంట చెయ్యలేదా, ఇల్లు చిమ్మలేదా? ఆడ కూర్చునేది పెద్ద పెద్ద డాక్టర్లు. మంత్రసానులంటే వాళ్లకు మంట. పల్లెల్లో తల్లులు సచ్చిపోయేది వీళ్లవల్లనే అంటారు. నీ మొగం చూసేలోపలే నిన్ను పక్కన పెడ్తారు."

"కాన్పు ఎప్పుడన్నా చూసినావా అని అడిగితే?"

"చూల్లేదను. ఒకటి ఒప్పుకుంటే ఇంకోటి బయటికొస్తాది."

ఆయన చెప్పిన కారణంలో నిజం లేకపోలేదు. కానీ ఆయనలో అంతకంటే పాతది ఇంకొకటి ఉంది. ఎనిమిదేళ్ల కిందట బడికి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు, తోటి అయ్యవారొకడు నవ్వుతూ "ఈయన మా మంత్రసానమ్మ మొగుడు సార్" అని పరిచయం చేశాడు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. ఆ నవ్వు మోషే అయ్యవారి ఒంట్లో ముల్లులాగ ఉండిపోయింది. తన కూతుర్ని చూసి అట్లా ఎవరూ నవ్వకూడదనుకున్నాడు.

రత్నం సరేనని తల ఊపింది. తండ్రి మాటకు ఎదురు చెప్పడం ఆ పిల్లకు అలవాటు లేదు.

ఇంటర్వ్యూ రోజు కర్నూలులో వరండాలో బెంచీ మీద కూర్చున్నాడాయన. లోపలికి పోయిన రత్నం పావుగంటలో బయటికి వచ్చింది. మొహంలో రక్తం లేదు.

"బాగ చెప్పినావా?"

"నువ్వు రాసిచ్చినట్లే చెప్పినా నాయనా."

ఆయనకు కొండంత ధైర్యం వచ్చింది. నంద్యాలలో బస్సు మారేటప్పుడు కూతురికి రెండు మూరల మల్లెపూలు కొనిపెట్టాడు. రత్నం వాటిని తలలో పెట్టుకోకుండా ఒళ్లో పెట్టుకుని ఊరు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అలసిపోయిందనుకున్నాడు.

మూడు వారాలకు పత్రికలో లిస్టు పడింది. బస్టాండు దగ్గరి కాఫీ హోటల్లో నిలబడి నాలుగుసార్లు చదివాడు అయ్యవారు. జీవరత్నం పేరు లేదు. రత్నంకంటే తక్కువ మార్కులొచ్చిన నంద్యాల అమ్మాయి పేరు ఉంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి సువార్తమ్మ చేటలో బియ్యం వదిలేసి కూతురి పక్కన చేరింది. "పోనీలే పాపా. ఏమడిగినారు? యాడ తప్పిపోయినావు?"

రత్నం చేటను తన ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరసాగింది.

"నలబై ప్రశ్నలు నీళ్లు తాగినట్టు చెప్తాంటివే," అన్నాడు అయ్యవారు. అప్పటికే ఆయన గొంతులో కోపం కలిసింది. "భయపడి తడబడినావా? నేనంత కష్టపడి రాసిస్తే..."

"నువ్వు రాసిచ్చిందే చెప్పినా!" రత్నం ఒక్కసారిగా అరిచింది. ఆ పిల్ల అరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "పేదలకు సేవ చేస్తానంటి. నంద్యాలనుంచి వచ్చిన డాక్టరమ్మ ఒకామె ఉన్నింది. అందరూ అదే చెప్తాండారమ్మా, నువ్వు ఎప్పుడన్నా ఒక మనిషి బాధ పడ్తాంటే దగ్గరుండి చూసినావా అని అడిగినాది. చూల్లేదంటి. ఒక కాన్పన్నా చూసినావా అనింది. లేదంటి. మరి మీ అమ్మ ఏం చేస్తాదనింది. ఇంట్లోనే ఉంటాదంటి. చూడకుండ చెయ్యకుండ సేవ అని ఎట్లంటాండావని అడిగినాది. నాకు నోరు పెగల్లా. చెప్పేదానికి నా కాడ అంత ఉండి... ఏం జెప్పల్ల నేను?"

ఏడుపుతో మాట ఆగిపోయింది. సువార్తమ్మ కూతురి వీపు మీద వేసిన చెయ్యి అట్లాగే ఉంది. చూపు మాత్రం మొగుడి మీదికి తిరిగింది.

"ముప్పై కాన్పులు చూసిన పిల్లతో ఒకటీ చూల్లేదని చెప్పించినావా అయ్యవారూ?"

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అంతవరకూ ఆమె ఆయన్ని అయ్యవారూ అని పిలవలేదు. అది బయటివాళ్ల పిలుపు.

"దాని మంచికే గదా సువార్తా. డాక్టర్లు మీ పనిని ఎట్ల చూస్తారో నీకు తెల్దు. సీటు పోతాదేమోనని భయపడితి."

"భయం గాదు. సిగ్గు. సిగ్గని చెప్పు." ఆమె గొంతు పెంచలేదు. "నాతో చెప్పింటే నేనే పక్కకు తప్పుకుందును. అమ్మ సచ్చిపోయిందని చెప్పుకో పాపా అందును. దాని నోట్లోంచి నన్ను నువ్వు తీసేసినావు. నాకు తెలీకుండ తీసేసినావు."

చేట తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత ఇంట్లో పనులన్నీ యథాప్రకారం జరిగాయి. వేళకు సంగటి ముద్ద కంచంలో పడేది. ఆదివారం ముగ్గురూ చర్చికి పోయారు. పక్కపక్కనే కూర్చున్నారు కూడా. ఆమె మాత్రం ఆయనతో మాట్లాడలేదు. రత్నం మళ్లీ తల్లి వెంట కాన్పులకు పోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ బండిలో వెళ్లిపోతే అయ్యవారికి ఖాళీ ఇంట్లో కాలు నిలిచేది కాదు. బళ్లో పిల్లలకు లెక్కలు చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు.

ఒక శనివారం బడి ఒంటిపూటతో వదలగానే నంద్యాల బస్సెక్కాడు. డాక్టరమ్మ పేరు రామేశ్వరమ్మ అని కనుక్కొని, ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. యాభై అయిదేళ్లుంటాయి ఆమెకు. వరండాలో కూర్చుని పేషెంటుకు మందుల చీటీ రాస్తోంది. ఆ పేషెంటు వెళ్లేదాకా నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"అమ్మా, నా కూతురు కమిటీ ముందర అబద్ధం చెప్పింది. అది నేను నేర్పిన అబద్ధం. తప్పు నాది. దానికి ఏమన్నా దారి ఉంటే..."

రామేశ్వరమ్మ కళ్లజోడు తీసింది. "ఏ అమ్మాయి? ఏమి అబద్ధం?"

ఆయన మొదటినుంచీ చెప్పాడు. ఈసారి భార్య పేరూ, ఆమె చేసే పనీ దాచలేదు.

"ఆళ్లగడ్డ సువార్తమ్మా?" డాక్టరమ్మ కుర్చీలో ముందుకు వంగింది. "ఆ సువార్తమ్మ కూతురా ఆ పిల్ల?"

"మీకు తెలుసామ్మా?"

"మనిషిని చూడలేదు. పేరు తెలుసు. పోయినేడు ఉయ్యాలవాడ నుంచి ఒకామెను బండిలో తెచ్చినారు, మూర్ఛలతో. ఇది నా చేతిలోది కాదు, వెంటనే నంద్యాలకు తీసుకుపోండి అని సువార్తమ్మ తోలించిందన్నారు. గంట ఆలస్యమై ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. అట్లా మూడు కేసులు వచ్చినాయి నాకు. తన చేతిలోది కానప్పుడు కాదని చెప్పడం మా డాక్టర్లలోనే అందరికీ రాదు అయ్యవారూ."

ఆమె కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు.

"మీ అమ్మాయికి మార్కులున్నాయి. నాకు గుర్తుంది. కానీ చిలకలాగ అప్పజెప్పింది. ఒక్క మాటన్నా తనది చెబుతుందేమోనని నేనే గుచ్చిగుచ్చి అడిగినాను. సువార్తమ్మ కూతుర్ని, ఆమెతో పోయి పని చేసినాను అని ఉంటే, మిగతా నలుగురితో నేను కొట్లాడేదాన్ని."

"ఇప్పుడేమీ చెయ్యలేరామ్మా?"

"లిస్టు అయిపోయింది." ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "ఒక ఏడు పోయింది. వచ్చే ఏడు కమిటీలో ఎవరుంటారో నేను చెప్పలేను. నేనుంటానని మాత్రం అనుకోవద్దు. రిటైరవుతున్నాను."

బస్సు శిరివెళ్ల దాటుతున్నప్పుడు అయ్యవారికి ఒక ఆలోచన వచ్చింది. ఈ సంగతి ఇంట్లో చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ ఆళ్లగడ్డకు రాదు. సువార్తమ్మ నంద్యాలకు పోదు. చెబితే తాను పోగొట్టింది ఎంతో వాళ్లకు పూర్తిగా తెలుస్తుంది. చెప్పకపోతే, సీటు ఎట్లాగూ వచ్చేది కాదేమో అని ఆ ఇద్దరూ నెమ్మదిగా సమాధానపడతారు. తల్లీకూతుళ్లకు అదే మేలేమో కూడా. ఊరు వచ్చేదాకా ఆ ఆలోచన ఆయన పక్కన కూర్చునే వచ్చింది. ఇంతకుముందు కూడా పిల్ల మంచికే అనుకునే కదా దాచమన్నాను అని బస్సు దిగాక గుర్తొచ్చింది.

పొద్దు గూట్లో పడే వేళకు ఇల్లు చేరాడు. అరుగు మీద సువార్తమ్మ కూతురికి తల దువ్వుతోంది. ఆయన చెప్పులు విడిచి, అరుగు మీదికి ఎక్కకుండా కింద మెట్టు మీదే కూర్చున్నాడు. డాక్టరమ్మ అన్న ప్రతి మాటా, ఏదీ తగ్గించకుండా చెప్పాడు. ఉయ్యాలవాడ తల్లి సంగతి చెప్పాడు. కొట్లాడేదాన్ని అన్న మాట కూడా చెప్పాడు.

"నీ పేరు చెప్తే సీటు పోతాదనుకుంటి సువార్తా. నీ పేరే సీటు తెచ్చేది. నిన్ను ఆమె చూడకుండానే తెలుసుకునింది. ఇరవై రెండేండ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు తెలీలా."

మెట్టు మీద కూర్చున్న మనిషి భుజాలు కదిలాయి. మొగుడు ఏడవడం సువార్తమ్మ అంతకుముందు చూడలేదు.

"ఆ ఉయ్యాలవాడామె బతికిందంటనా?" అని మాత్రం అడిగింది.

"బతికింది. బిడ్డ కూడా."

జడ అల్లుతున్న ఆమె చేతులు ఒళ్లోకి దిగాయి. "నాకెవురూ చెప్పలా," అంది మెల్లగా. "బండి తోలించినానే గానీ, యేమైందో యేడాదినుంచీ తెలీలా నాకు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పైకి రాయ్యా. కింద తేమ."

ఆయన లేచి అరుగు చివర కూర్చున్నాడు. రత్నం వైపు చూడలేక వీధిలోకి చూశాడు. ఆ పిల్ల సగం అల్లిన జడను తానే ముందుకు వేసుకుని పూర్తిచేసుకుంది.

"వచ్చే ఏడు మళ్లీ అప్లికేషను పెడ్తా నాయనా," అంది చివరికి. "పిలిస్తే పోతా."

"నేను ఈసారి ఏమీ రాసియ్యను పాపా. నీకు తోచింది చెప్పు. బయట కూర్చుంటా, అంతే."

రత్నం తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆ మొహంలో. ఆయనకు కోపమే ఉంటే బాగుండుననిపించింది.

"నువ్వు రావద్దు. అమ్మొస్తాది నాతో."

"నేనా!" సువార్తమ్మ అదిరిపడింది. "కర్నూలుకా? ఆ దొరల ముందరికి నేనెందుకే, నాకు ఇంగ్లీషు ముక్క రాదు."

"ఇంగ్లీషు రావల్సిన పన్లేదు మా. బెంచీ మీద కూర్చో, సాలు. బయట మా అమ్మ ఉండాదని లోపల చెప్తా."

సువార్తమ్మ మొగుడి వైపు చూసింది, ఏమంటాడోనని.

అయ్యవారికి ఆ బెంచీ మీద తాను కూర్చున్న పావుగంట గుర్తొచ్చింది. ఇంక ఆ చోటు తనది కాదు.

"పో సువార్తా," అన్నాడు. "నువ్వే పోవల్ల. నంద్యాల దాకా వచ్చి బస్సెక్కించి, నేను ఆడ్నుంచి వెనక్కొస్తా."