జర జరుపు

మట్టెవాడలో నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిన మోటార్లు బాగుచేయడం తప్ప వేరే విద్య రాదు. అయినా పాత సామాన్ల కొట్టులో ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం కనబడగానే మనసు ఆగక కొనేశాను. తెచ్చి చూస్తే దాని పొడుగు పైపు ముందుకీ వెనక్కీ జారుతోంది. లూజై పారేశారనుకుని జాలిపడి, గ్యాస్ వెల్డింగ్‌తో అతికించాను. చివర చిన్న కన్నం కనిపిస్తే లీకేజీ అని అదీ మూసేశాను.

ఊదితే ఒక్కటే మోత. ఎదురింటి బర్రె ప్రతిసారీ జవాబిచ్చేది.

మూడో రోజు కొట్టువాడిని అడిగి వెతుక్కుంటూ ఒక అమ్మాయి వచ్చింది. పేరు రూతు. ట్రాంబోన్‌ను చూసి ముఖం వెలిగిపోయింది. పైపు లాగింది. అది కదల్లేదు.

"దీన్ని ఏం జేసినవ్?"

"లూజున్నదని వెల్డింగ్ కొట్టిన."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది."

అది వాళ్ల నాన్న సుందర్ రావుదట. చర్చి బ్యాండులో ఆయన తండ్రి వాయించిన వాద్యం. ఇల్లు సర్దుతూ, పాత నల్లా పైపులున్న సంచీ అనుకుని రూతే అమ్మేసింది. పాలిష్‌కిచ్చానని ఆయనకు అబద్ధం చెప్పింది. ఆదివారం చర్చి యాభయ్యేళ్ల పండుగ, ఆయన వాయించాలి.

"డాడీ తిడితే ఫికర్ లేదు. మాట్లాడుడే బంద్ జేస్తడు" అంది. కళ్లలో నీళ్లు చూసి నాకు మోటార్లు గుర్తు రాలేదు.

ఐదు రోజులున్నాయి. నేను వెల్డింగ్ కరిగించి అరగదీస్తుంటే, ఆమె రోజూ స్టూలు మీద కూర్చుని పాఠం చెప్పేది. దీనికి మీటలుండవట, చెయ్యి ఎంత చాపితే స్వరం అంత దిగుతుందట. నేను మూసిన కన్నం ఎంగిలి కారిపోవడానికట. "జర జరుపు. ఇంకా జర జరుపు" అనేది. ఆమెను చూస్తూ జరిపితే పైపు ఊడి, మోటార్లు టెస్ట్ చేసే నీళ్లతొట్టిలో పడింది. ఆమె నవ్వింది. ఆ నవ్వుకే నేను పడిపోయాను. ఇంకొక్క రోజు వస్తుందని, శుక్రవారానికి పని అయిపోయినా కాలేదని చెప్పాను.

ఆదివారం చర్చిలో చివరి వరుసలో కూర్చున్నాను. సుందర్ రావు రెండు చరణాలు హాయిగా వాయించారు. మూడో చరణంలో, సరిగ్గా నా వెల్డింగ్ మచ్చ దగ్గర పైపు ఇరుక్కుంది. పాట ఆగింది. రూతు కళ్లు మూసుకుంది. దాన్ని కొంచెం తిప్పితే చాలని నాకు తెలుసు, లేచి నిలబడ్డాను.

"మామా, జర తిప్పి జరుపు."

అంకుల్ అనాలని ఐదు రోజులు అనుకున్నాను. నోరు మనసు మాట విన్నది. చర్చి అంతా వెనక్కి తిరిగింది.

ఆయన తిప్పి జరిపారు. కింది స్వరం బర్రె కన్నా ఘనంగా మోగింది. పాట ముగిశాక నేరుగా నా దగ్గరికి వచ్చి మచ్చను వేలితో తడిమారు.

"పాలిష్ జేసింది నువ్వేనా?"

తలూపాను. రూతు పక్కకు వచ్చి, సంచీ సంగతంతా తనే చెప్పేసింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె భయపడ్డదీ అదే.

చివరికి ఆయన కూతురి వైపు చూశారు.

"పైపైతే జరిపిన. మామా అన్నడుగద, పెండ్లి ఎప్పుడు జరుపాలె?"

రూతు తలెత్తకుండా అంది.

"జర జల్ది జరుపు, డాడీ."