తోచినంత ఇవ్వండి

పసిపిల్ల టోపీకి ధర చెప్పడం కన్నా పసిపిల్లని కనడం తేలిక. కనేటప్పుడు కనీసం ఎవరూ పక్కన నిలబడి, "ఇంకాస్త తగ్గించి కనకూడదా?" అని బేరమాడరు.

మా ముందుగదిలో కిటికీ కింద ఒక పొడుగాటి బల్ల ఉంది. నా దుకాణమూ అదే, నా కార్ఖానా అదే. దాని మీద ఊలు టోపీలు, వేలెడంత మేజోళ్ళు, గుడ్డబొమ్మలు, పొత్తిళ్ళ దుప్పట్లు. అన్నీ నా చేత్తో అల్లినవీ, కుట్టినవీ. ఆ సాయంత్రం అట్టముక్కలూ దారమూ ముందేసుకుని కూచున్నాను. బజారులో పిల్లల బట్టల షాపాయన మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. ప్రతి వస్తువుకీ ధర చీటీ కట్టి ఉంచమన్నాడు. ధర కుదిరితే ఇకనుంచి నెలనెలా సరుకు పట్టుకుపోతాడు.

కుదరకపోతే ఏమిటో మా ఆయన ముందే తేల్చేశాడు. "ఆ గది ఖాళీ చేసి అద్దెకిచ్చేద్దామోయ్. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు." వేణ్ణీళ్ళు తన జీతమట. చన్నీళ్ళు అద్దెట. నా అల్లిక ఏ నీళ్ళో మాత్రం చెప్పలేదు.

ధర వెయ్యడం తెలియక కాదు. నా బడి ఎనిమిదో తరగతిలో ఆగింది కానీ చదువు ఆగలేదు. లైబ్రరీలో వ్యాపారం పుస్తకాలన్నీ నమిలేశాను. ముడిసరుకు, కరెంటు, కూలి, లాభం, అన్నీ కలపాలని ఏ పుస్తకం తెరిచినా చెబుతుంది. కలిపాను. వచ్చిన అంకె చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. సగానికి దించాను. అయినా సిగ్గేసింది. ఇంకాస్త దించాను. అప్పుడు చూస్తే ఊలు కొన్న డబ్బులు కూడా రావు! చీటీ చింపి పారేసి మళ్ళీ మొదలు.

ఈ సిగ్గు నాకు పుట్టుకతో రాలేదు. పదిమంది కలిసి నేర్పారు. మేడమీద పిన్నిగారైతే టోపీని రెండు వేళ్ళతో ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని, "ఇంత పిసరు టోపీకి మూడొందలా అమ్మాయ్? ఇందులో ఊలు ఎంతని?" అంది.

"ఊలు తక్కువే పిన్నిగారూ. ఊలే కావాలంటే ఉండ ఇస్తా, నెత్తిన పెట్టుకోండి" అన్నాను. ఆవిడ చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అదొక్కటే ఆ బేరంలో నాకు మిగిలిన లాభం.

మా ఆడపడుచు ఇంకా ఘనురాలు. "మనవాళ్ళ దగ్గర కూడా డబ్బులేంటి వదినా? ఖాళీగా కూచుని చేసేదేగా!" ఖాళీగా అట. ఆ మాటకి మండిన మంట మీద బిందెడు నీళ్ళు కాచుకోవచ్చు.

అసలు తప్పు నాది కూడా. మొదట్లో ఎవరైనా "ఎంతిమ్మంటారు?" అని అడిగితే మొహమాటపడి, "మీకు తోచినంత ఇవ్వండి" అనేదాన్ని. చేతిపని చేసే ఆడవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. అవతలివాళ్ళకి ఎప్పుడు తోచినా తక్కువే తోస్తుంది. అందుకే ఆ మాట ఇక చచ్చినా అననని ఒట్టు పెట్టుకున్నాను.

మా ఆయన సాయంత్రం డ్యూటీకి వెళ్ళాడు. ఏడేళ్ళ మా గడుగ్గాయి బడి నుంచి వచ్చి, గెంతి గెంతి అలిసిపోయి, లోపలి గదిలో నిద్రపోతోంది. బయట మబ్బు పట్టింది. పొద్దు ఇంకా పూర్తిగా వాలకుండానే వీధంతా మసి పూసినట్టయింది. మొదటి చినుకు పడగానే కరెంటు పోయింది. మన కరెంటుకి వానంటే అంత భయం. విసుక్కుంటూ కొవ్వొత్తి వెలిగించాను.

వాన పెరిగింది. కాసేపటికి గుమ్మం దగ్గర వాసన వేసింది. తడిసిన ఊలు వాసన. ఏళ్ళతరబడి పెట్టెలో మూసిపెట్టిన ఊలు తడిస్తే వచ్చే ముక్క వాసన. దాని అడుగున విరిగిన పాల వాసన ఒకటి.

"పసిపిల్లలకి టోపీ ఉందా?"

తలుపు తీసే ఉంది. వరండాలో ఒకావిడ నిలబడి ఉంది. తల మీదుగా శాలువా కప్పుకుంది. చేతుల్లో గుడ్డల మూట. మూటలోంచి చప్పరిస్తున్న చప్పుడు వస్తోంది. పాపం, వానలో పసిగుడ్డుతో వచ్చింది అనుకుని చిన్నసైజు టోపీ తీసి ఇచ్చాను.

"ఎంత?"

"మూడొందలు. అర్ధరూపాయి తగ్గదు." కత్తి దూసినట్టే చెప్పాను.

"తగ్గించమనలేదు." గుసగుసలాడినట్టుంది గొంతు. "ఇంత తక్కువేమిటి అంటున్నా. ఎన్ని సాయంత్రాలు పట్టింది? మెడ లాగలేదూ? కళ్ళు మండలేదూ? అవన్నీ కలిపారా?"

పుస్తకాల్లో చదివిన ఆ లెక్క మనిషి నోట వినడం నాకదే మొదటిసారి. తిట్టేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబులు బస్తాల కొద్దీ ఉన్నాయి. విలువ ఇచ్చేవాళ్ళకి చెప్పడానికి ఒక్కటీ లేదు. ఒట్టు తీసి గట్టున పెట్టాను.

"అయితే మీకు తోచినంత ఇవ్వండి."

ఆవిడ చప్పున తలెత్తింది. మొహం మాత్రం కనపడలేదు. కొవ్వొత్తి వెలుగు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోతోంది.

"మాటేనా?"

"మాటే. నాకు రెండు నాలుకలు లేవు."

"కొలత సరిపోయేదాకా ఇస్తారుగా?"

"సరిపోయేదాకా."

ఆవిడ వరండా మూలకి తిరిగి, మూట మీదికి వంగింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. గడుగ్గాయి పక్కకి ఒత్తిగిలి ఉంటుందనుకున్నాను. కొలత చూసుకున్నంతసేపు కూడా కాలేదు, ఆవిడ వెనక్కి వచ్చింది.

"చిన్నదైంది."

ఇచ్చిన టోపీ బల్ల మీద పెట్టింది. ఆర్నెల్ల సైజుది ఇచ్చాను. మళ్ళీ మూలకి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"ఇదీ చిన్నదే."

నాకు చిరాకేసింది. కొలత తెలీకుండా కొనడానికి బయల్దేరే జనం అందరికందరూ నా గుమ్మానికే తగలడాలా? ఏడాది పిల్లది తీస్తూ, "పాప వయసెంతో చెబితే ఒక్కసారే ఇస్తాగా!" అన్నాను.

"ఇప్పుడా?" అని అడిగింది ఆవిడ.

ఇప్పుడా అంటే? నా చెయ్యి ఆగిపోయింది. అప్పుడు చూశాను, ఆవిడ తిరిగిచ్చిన టోపీలని. ఇందాక నేనిచ్చినవి కొత్తవి. ఇవి... నలిగిపోయి, ఊలు ఉండలు కట్టి, అంచులు సాగిపోయి ఉన్నాయి. ఏడాదంతా రోజూ పెట్టుకుని తిరిగినట్టు. ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి.

మూటలోంచి ఒక కాలు వేలాడుతోంది. ఇందాక లేదు. సన్నటి, తెల్లటి కాలు. మోకాలి దాకా...

లోపలి గదిలోంచి గడుగ్గాయి ఏదో అంది. మాట కాదు. ఊ... ఊ... అని. ఉయ్యాల్లో పిల్లలు అంటారే, ఆ ఊ.

"ఇంకా పెద్దది" అంది ఆవిడ చెయ్యి చాపి.

"లేదు. రెండేళ్ళ పిల్ల దాకానే చేస్తాను." నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"అదే ఇవ్వండి. సాగుతుంది."

ఇచ్చాను. ఎందుకిచ్చానంటే ఏం చెప్పను? ఇవ్వకపోతే లోపలికి వచ్చి తీసుకుంటుందేమోనని. ఆవిడ మూలకి వెళ్ళింది. ఈసారి వంగలేదు. మూట విప్పింది. గుడ్డలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి... తరవాత నేల మీద అడుగుల చప్పుడు. తడిగా... తడబడుతూ... నడక నేర్చుకుంటున్న అడుగులు. రెండు వేశాక తడబడలేదు.

ఆవిడ వెనక ఏదో నిలబడి ఉంది. శాలువా అంచు పట్టుకుని. ఆవిడ నడుం దాకా వచ్చింది ఎత్తు. నా టోపీ ఉంది నెత్తి మీద.

"సరిపోయింది" అంది ఆవిడ. ఆ గొంతులో ఎంత సంతోషమో! "ఎన్నాళ్ళ నుంచో ఎదగలేదు. ఎన్నాళ్ళ నుంచో..."

అలవాటు కొద్దీ నోటికొచ్చింది. "మరి... డబ్బులు?"

"ఇచ్చేశానుగా."

"ఎవరికి?"

"లోపలున్న పాపకి."

కొవ్వొత్తి వణికింది.

"నా దగ్గర డబ్బు లేదమ్మా. నా బిడ్డ దగ్గర పసితనం పేరుకుపోయింది. ఎంత వాడినా తరగలేదు. ఇన్నాళ్ళూ దానికి ఎదుగుదల లేకుండా చేసింది అదే. నాకు విలువైందిగా తోచింది, ఇచ్చాను. ఇవాళ కొంచెమే. మిగతాది మెల్లిగా..."

"వద్దు!" నేను బల్ల మీదున్న టోపీలూ మేజోళ్ళూ దుప్పట్లూ అన్నీ రెండు చేతులా ఊడ్చి గుమ్మంలోకి విసిరాను. "ఏమీ వద్దు. ఉచితం. అన్నీ పట్టుకుపో తల్లీ. ఇచ్చింది వెనక్కి తీసుకుపో. నీకు దణ్ణం పెడతా!"

మా ఆడపడుచుకి కూడా ఊరికే ఇవ్వనిదాన్ని నేను.

ఆవిడ మెత్తగా, కూతురికి బుద్ధి చెప్పినట్టు చెప్పింది. "తప్పు. అలా అనకండి. చేతిపనికి వెల తగ్గించుకోకూడదు."

కరెంటు వచ్చింది.

వరండాలో ఎవరూ లేరు. నేను విసిరినవన్నీ తడి నేల మీద పడి ఉన్నాయి. ఒక్క టోపీ మాత్రం లేదు. లోపలికి పరిగెత్తాను. గడుగ్గాయి బోర్లా పడుకుని గురక పెడుతోంది. ఒళ్ళంతా తడిమి చూశాను. చేతులు, కాళ్ళు, జడ. అన్నీ నా కూతురివే. "అబ్బా, ఏంటమ్మా నువ్వు" అని విసుక్కుని అటు తిరిగింది. ఆ విసుగు విని నేను ఏడ్చాను.

ఆయన వచ్చాక చెబితే, "ధరలు ధరలు అంటూ నీకు మతిపోయింది" అన్నాడు. నిజమేనేమో అనుకున్నాను. తడిసినవి ఉతికి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టి, పుస్తకం చెప్పిన లెక్క ప్రకారం పూర్తి ధర చీటీలు కట్టాను. తగ్గించడానికి చెయ్యి రాలేదు.

పొద్దున షాపాయన వచ్చాడు. బేరానికి పేరుపడ్డ మనిషి. చీటీలు చదివాడు. టోపీ ఎత్తి వెలుగులో చూశాడు.

"న్యాయంగానే వేశావు చెల్లెమ్మా" అన్నాడు. "ఇంకో మాట లేదు. నెలనెలా పంపు."

గది నాకే మిగిలింది. మా ఆయన మొహం చాటంత చేసుకుని, "చూశావా, నేను చెప్పలా?" అన్నాడు. ఏం చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి. వంటింట్లో గడుగ్గాయి పళ్ళు తోముకుంటూ మా మాటలకి నవ్వింది. నురగ నోటితో, పళ్ళన్నీ కనపడేలా.

నిరుడు దాని ముందు పాలపన్ను ఊడింది. నేనే దారం కట్టి లాగాను. ఆ పన్ను అంచు విరిగి ఉండేది, మెట్ల మీద పడ్డప్పటిది. దాని స్థానంలో వెడల్పాటి కొత్త పన్ను వచ్చి చాలా రోజులైంది. గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పాను. కొత్త పన్ను లేదు. బియ్యపుగింజంత పాలపన్ను ఉంది. కదపబోతే కదల్లేదు. గట్టిగా ఉంది. అంచు విరిగి ఉంది.

ధర తగ్గించమని ఆవిడ కాళ్ళు పట్టుకుని అడుగుదామని రోజూ పొద్దువాలే వేళకి గుమ్మంలో నిలబడుతున్నాను. ఎవరూ రావడం లేదు. ఇవాళ పొద్దున దాని నోరు చూశాను. పక్కపన్ను కూడా మారింది.